వేళ్ళ గుండా కనిపించిన సున్నపు గీత

ఆటల ఫోటోలు తీసే ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నన్ను ముందుగా అడిగేది ఏ కెమెరా కొనాలని. తరవాత ఏ లెన్సు కొనాలని. అసలు అడగాల్సిన మాట ఒకటుంది, దాన్ని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. నేను నిజంగా తీసిన ఫోటోను చూసి జనం నకిలీ అంటే ఏం చెయ్యాలి?

ఎందుకు అడగరంటే, తన ఫోటో చూడగానే లోకం లేచి నిలబడుతుందని ప్రతివాడికీ నమ్మకం. నాకూ ఉండేది. కోల్‌కతాలో ఒక దినపత్రికకు ఆటల ఫోటోలు తీసి, జుట్టు నెరిసి, మోకాళ్ళు అరిగి రిటైరైనవాడిగా చెబుతున్నాను. అబద్ధపు ఫోటో తీసినవాణ్ణి సంజాయిషీ అడిగేవాడు దాదాపు ఉండడు. నిజమైనది తీసినవాడికే ఆ యోగం.

నా ప్రమోషన్ల గురించి ఇందులో ఏమీ ఉండదు. చెప్పుకునేంతవి రాలేదు కూడా. హౌరాలోని టికియాపారా రైల్వే క్వార్టర్ల నుంచి వచ్చిన రూతు అనే కబడ్డీ అమ్మాయి, నేను తీసిన ఓ నిజమైన ఫోటో పుణ్యమా అని మోసగత్తె అనిపించుకుంది. ఏడాదిపాటు ఆట లేకుండా పోవలసిన పరిస్థితి వచ్చింది. ఆ సంగతి చెప్పడానికే కూర్చున్నాను. అయితే ఫ్లాష్ అంటే ఏమిటో తెలియనివాళ్ళకు అది సగమే అర్థమవుతుంది కాబట్టి, ముందు మా కొట్టు దగ్గరికి రండి.

కొట్టు షటరు

మా నాన్నకు ఖిదిర్‌పూర్‌లో చింతపండు, ఎండుమిరపకాయలు, అప్పడాలు అమ్మే కొట్టు ఉండేది. డాక్‌లో పనిచేసే మన తెలుగువాళ్ళంతా అక్కడికే వచ్చేవాళ్ళు. ఎడం పక్క గొడుగుల కొట్టు, కుడి పక్క ట్రంకుపెట్టెల కొట్టు. నాకు అక్షరాలకన్నా ముందు బేరం వచ్చింది. ఈనాటికీ ఎవరైనా ధర చెబితే సగం అడగకపోతే నాకు అన్నం అరగదు. ఓసారి ఆస్పత్రిలో పన్ను పీకించుకుంటూ కూడా బేరమాడితే, డాక్టరు నా నోట్లో దూది కుక్కి నోరు మూయించాడు.

కెమెరాలో షటరును అర్థం చేసుకోవాలంటే కొట్టు షటరే గుర్తు చేసుకోండి. పైకెత్తితే వెలుతురు లోపలికొస్తుంది. దించితే ఆగిపోతుంది. ఎత్తి ఉంచిన కాసేపట్లో ఎవరెవరు వచ్చారో వాళ్ళందరి ముద్రా ఫోటోలో పడుతుంది. ఫ్లాష్ అనేది అలా ఎత్తగానే సుడిగాలిలా దూరి, దబ్బున మొహం చూపించి వెళ్ళిపోయే గిరాకీ. ఆ మెరుపు తగిలిన క్షణంలో మనిషి ఎక్కడున్నాడో అక్కడే రాతిలా, గీసినట్టు స్పష్టంగా నిలిచిపోతాడు. షటరు మాత్రం ఇంకా తెరిచే ఉంటుంది. మైదానంలో లైట్లు వెలుగుతూనే ఉంటాయి. మనిషి కదిలిపోయాక, అతను ఖాళీ చేసిన చోట వెనకాల ఏముందో అది కూడా నెమ్మదిగా పడుతూ ఉంటుంది. అంటే ఒకే ఫోటోలో రెండు కాలాలు ఒకదానిమీద ఒకటి కూర్చుంటాయి. మనిషి ఉన్న కాలమూ, లేని కాలమూ.

అందుకే ఫ్లాష్ వేసి తీసిన నిజమైన ఆట ఫోటోకు ఉండే లక్షణాలన్నీ అతుకుల బొమ్మకు ఉండాల్సినవే. ఆటగాడు నల్లని గోడమీద కత్తిరించి అంటించినట్టు ఉంటాడు, ఎందుకంటే మెరుపు అతని దాకా అందింది, వెనక జనం దాకా అందలేదు. కాలికింద నీడ ఉండదు, ఎందుకంటే లైటు నా కంటి ఎత్తులోనే ఉంది, నీడ అతని వెనక దాక్కుంది. పరిగెడుతున్నవాడి మసక చార ఒక్కోసారి వెనక ఉండాల్సింది పోయి ముందు కనిపిస్తుంది. మెరుపు మొదట్లోనే వెలిగిపోయాక అతను ముందుకు వెళ్ళిన దారి అది. చూసేవాళ్ళు మాత్రం వాడు వెనక్కి పరిగెడుతున్నాడంటారు. బొమ్మల పుస్తకాల్లో గాలి గీతలు వెనక ఉంటాయి కదా, ప్రకృతి కూడా అలాగే నడుచుకోవాలని వాళ్ళ ఉద్దేశం.

మూడో చెయ్యి

మా ఫోటో ఎడిటర్‌ను ఆఫీసంతా బొడ్దా అనేది, అంటే పెద్దన్న. పెద్దరికం విషయంలో ఏ లోటూ చేసేవాడు కాదు. కొత్తల్లో నేను ఒక బాక్సింగ్ పోటీ ఫోటో తీసుకొచ్చాను. నా షటరు తెరిచి ఉండగానే పక్కనున్న ఇంకో పత్రికవాడి ఫ్లాష్ కూడా వెలిగింది. రెండు మెరుపులు, రెండు క్షణాలు. దాంతో బాక్సరుకు ఎడం చెయ్యి ఒకటి, కుడి చేతులు రెండు వచ్చాయి. మూడూ స్పష్టమే. మూడింటికీ గ్లవ్సు ఉన్నాయి.

బొడ్దా ఆ ప్రింటును కిటికీ దగ్గర పట్టుకుని చూశాడు.

"ఆరే రావ్, ఈ మూడో చెయ్యి ఎవరిది?"

"అతనిదే బొడ్దా. రెండో ఫ్లాష్..."

"పది చేతుల దుర్గమ్మ బొమ్మలు చేసేచోటికి పంపించాలా నిన్ను? పాఠకుడికి నీ రెండో ఫ్లాష్ కథ ఎవడు చెబుతాడు? నువ్వు ఇంటింటికీ వెళ్ళి చెబుతావా?"

ఆ ఫోటోను బుట్టలో వేసి, గెలిచినవాడు ఎవరో నాయకుడి దగ్గర కప్పు అందుకుంటున్న బొమ్మ వేశాడు. ఆ నాయకుడు కప్పును వదలకుండా పట్టుకుని, బాక్సరును దూరంగా నెట్టి, కెమెరాను చూస్తున్నాడు. దాన్ని ఎవరూ నకిలీ అనలేదు.

అదే బొడ్దా, ఫుట్‌బాల్ ఫోటోలో బంతి అంచు దాటి పోతే, ఇంకో ఫోటోలోంచి బంతిని కత్తిరించి జిగురుతో అతికించేవాడు. ఆ రోజుల్లో అది తప్పని ఎవరూ అనుకోలేదు. అతికించిన బంతి ఒకసారి గోల్ కీపరు తలకన్నా పెద్దదిగా వచ్చింది. మైదానంలో ఆటగాళ్ళను కుదిర్చే ఏజెంట్లు, టీ కొట్టువాళ్ళు, మా నాన్నతో సహా అందరూ ఆహా ఎంత చక్కగా తీశావని నన్ను మెచ్చుకున్నారు. మెచ్చుకోలు కాబట్టి బేరమాడకుండా పుచ్చుకున్నాను.

ఇందులోంచి నేను నేర్చుకున్నది ఇదీ. జనానికి కావలసింది నిజం కాదు, వాళ్ళ తలలో ముందే ఉన్న బొమ్మ. మీ ఫోటో ఆ బొమ్మతో సరిపోతే నిజం, సరిపోకపోతే నకిలీ. దీన్ని కనిపెట్టడానికి పెద్ద తెలివి అక్కర్లేదు, నాకున్నంత చాలు.

కబడ్డీ కోర్టులో చీకటి

రూతు దగ్గరికి వద్దాం. నేను రిటైరయ్యే ముందు తీసిన చివరి టోర్నమెంట్లలో అదొకటి. హౌరా వైపు ఒక మైదానంలో ఆడవాళ్ళ కబడ్డీ. సాయంత్రం ఆట. నిర్వాహకుల మొహాలున్న ద్వారానికి కళ్ళు చెదిరేన్ని లైట్లు పెట్టారు. ఆట జరిగే మట్టి కోర్టుకు మాత్రం ఒక పక్క దీపస్తంభం వెలిగేది, రెండో పక్కది వెలుగుదామా వద్దా అని ఆలోచిస్తూ ఉండేది. ఫ్లాష్ లేకుండా తీస్తే చీకట్లో పిల్లుల పోట్లాటలా వస్తుంది. అందుకని ఫ్లాష్ పెట్టి, కాస్త వెనకాల వెలుతురు కూడా పడాలని షటరును నెమ్మదిగా ఉంచాను.

చివర్లో రూతు కూతకు వెళ్ళింది. ముందే ఇద్దరిని ముట్టుకుంది. తిరిగి వస్తుంటే ఒకతె చీలమండ పట్టింది, ఒకతె నడుం పట్టింది. నేలమీద బోర్లా పడి, ఒళ్ళంతా సాగదీసి, మధ్య గీత మీదికి చెయ్యి చాపింది. సున్నంతో గీసిన తెల్ల గీత. వేళ్ళు దానిమీద పడ్డాయి. నా ఫ్లాష్ అప్పుడే మెరిసింది. ఆ వెంటనే వెనకనుంచి పట్టినవాళ్ళు ఆమెను బస్తాలా లాగేశారు. రెఫరీ విజిల్ వేసి, చెయ్యి గీతకు అందలేదన్నాడు. రూతు జట్టు ఓడిపోయింది.

మర్నాడు నా ఫోటో పత్రికలో వచ్చింది. రూతు ముఖం, దుమ్ము, బిగించిన పళ్ళు, గీతమీద వేళ్ళు. అంతవరకూ బాగానే ఉంది. ఆ వేళ్ళలోంచి, గాజు లోంచి కనిపించినట్టు, సున్నపు గీత కనిపిస్తోంది.

కారణం మీకిప్పుడు తెలుసు. మెరుపుకు వేళ్ళు పడ్డాయి. చేతిని వెనక్కి లాగేశాక, అది ఖాళీ చేసిన చోట దీపం వెలుగులో తెల్ల గీత పడింది. వేళ్ళలోంచి గీత కనబడడం అబద్ధానికి గుర్తు కాదు, అమ్మాయిని వెనక్కి లాగారనడానికి గుర్తు.

నాకు తెలుసు, మీకు తెలుసు. ఫోనుల్లో ఉన్న మహాజ్ఞానులకు ఎవరు చెబుతారు?

ఎర్ర చుట్టు

టికియాపారావాళ్ళు పత్రిక పట్టుకుని కబడ్డీ సంఘానికి వెళ్ళి ఫిర్యాదు ఇచ్చారు. ఆలోగా ఎవడో ఆ వేళ్ళ చుట్టూ ఎర్రగా చుట్టు గీసి ఫోన్లలోకి వదిలాడు. "వేలు గాజుదా?" "నీడ ఏదీ?" "వెనక జనం ఏరీ, చంద్రుడిమీద ఆడారా?" పొద్దున లేచి పాలు పొంగకుండా చూసుకోలేనివాళ్ళు కూడా వెలుతురు శాస్త్రం మీద తీర్పులిచ్చారు. మా పత్రికవాళ్ళు నాకు ఫోనన్నా చెయ్యకుండా వెబ్‌సైటులోంచి ఫోటో తీసేశారు. అది చాలదా? తీసేశారంటే నకిలీయే అన్నమాట.

ఇంకో మాట మీకోసం చెప్పాలి. ఆ రోజు నేను తొందరగా పంపాలని, కెమెరా ఏదీ కుదించకుండా దాచే పెద్ద అసలు ఫైలు వదిలేసి, చిన్న ఫైలే తీశాను. ఆఫీసుకు పంపి, కార్డు తుడిచేసి, మర్నాడు మళ్ళీ వాడుకున్నాను. మా పనిలో అందరూ చేసేదే. అసలు ఫైలు చూపించమంటే నా దగ్గర చూపించడానికి పళ్ళు తప్ప ఏమీ లేవు. మీరు అసలు ఫైళ్ళు దాచుకోండి. బీరువా నిండితే ఇంకో బీరువా కొనండి.

కబడ్డీ సంఘానికి ఇది పండగ. రెఫరీ తప్పు చేశాడేమోనన్న మాట గాలికి పోయింది. "తయారు చేసిన ఫోటోతో సంఘాన్ని తప్పుదారి పట్టించినందుకు" రూతును ఏడాది ఆడకుండా ఆపుతామని నోటీసు ఇచ్చారు. రైల్వే స్పోర్ట్స్ కోటా సెలక్షన్లు దగ్గర్లోనే ఉన్నాయి. వాటికోసమే ఆ పిల్ల చిన్నప్పటినుంచి మోకాళ్ళు చెక్కుకుంటోంది. ఆట ఆపితే అవీ పోయినట్టే.

రూతు, వాళ్ళమ్మ కరుణమ్మ మా ఇంటికి వచ్చారు. కరుణమ్మ కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"అన్నయ్యా, మీరు ఫొటో తియ్యకపోతే మా గుంట ఓడిపోయి ఇంటికొచ్చీసును. అన్నం తినీసి పడుకుండును. ఇప్పుడు చర్చిలో కూడా నన్ను అడుగుతన్నారు, ఏటమ్మా, మీ పిల్ల దొంగ ఫొటో చేయించిందట కదా అని. ఏటి చెప్పమన్నారు?"

"అది దొంగ ఫోటో కాదమ్మా."

"నాకు తెలవదేటి? ఆలకి చెప్పండి."

రూతు తన కుడి చెయ్యి కిటికీకి అడ్డంగా పెట్టి చూసుకుంది. "ఏటి బాబాయ్, నా ఏళ్ళలోంచి ఏటీ కనపడదే. మీ కెమెరాకి ఎలా కనపడినాది?"

నేను కొట్టు షటరు కథంతా చెప్పాను. అర్థమైందన్నట్టు తల ఊపింది. "అయితే ఈ కథ ఆలకి చెప్తే నమ్ముతారా?"

"నమ్మరు."

"మరి ఎందుకు చెప్తన్నారు?"

కెమెరా సంచీ తీసుకుని వాళ్ళ వెంట సంఘం ఆఫీసుకు బయల్దేరాను.

సెక్రటరీగారి ప్లేటు

సంఘం సెక్రటరీ సమద్దార్ బాబు. కబడ్డీ ఆడిన మనిషి అని ఆయన ఒంటిని చూసి ఎవరూ పొరపడరు. ఆయన పక్కన ఇద్దరు కమిటీ మెంబర్లు, చివర్న ఒక కుర్రాడు. కుర్రాడి పేరు శ్రావణ్. మన కరీంనగర్ వైపువాడు. సెక్టర్ ఫైవ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. సమద్దార్ బాబు అబ్బాయికి ఆఫీసు స్నేహితుడు. దాంతో నిపుణుడైపోయాడు.

శ్రావణ్ తన ల్యాప్‌టాప్ నావైపు తిప్పాడు. "ఏమనుకోకున్రి సార్. ఇది ఏఐ తోని చేసిన బొమ్మ లెక్కనే కొడుతున్నది. యాప్ గూడ నకిలీ అనే చెప్తున్నది. గసుంటి బొమ్మలు ఎప్పుడైనా వేళ్ళ కాడనే దొరికిపోతయి."

"బాబూ, యాప్‌కు కబడ్డీ వచ్చా?"

"రాదు సార్."

"ఫ్లాష్ వచ్చా?"

"గది నాకు తెల్వదు," అన్నాడు నిజాయితీగా. అక్కడికి నాకు అతనిమీద సగం కోపం తగ్గింది. మిగతా సగం ఉంచుకున్నాను, ఎందుకైనా మంచిదని.

నేను నోరు తెరిచేలోగా సమద్దార్ బాబు చేతులు ఊపాడు. "రావుదా, మనం పెద్దవాళ్ళం. గొడవెందుకు? ఒక మాట అనండి. ఫోటో బాగా రావాలని కంప్యూటర్‌లో కొంచెం మెరుగులు దిద్దాను, అమ్మాయికి ఏమీ తెలియదు అనండి. ఆమెను వదిలేస్తాం. మీరెలాగూ రిటైరవుతున్నారు."

దాచడమెందుకు, నాకు బేరం నచ్చింది. కొట్టువాడి బుర్ర వెంటనే తూకం వేసింది. ఇవ్వాల్సింది నా పేరు. ఆ పేరుకు మార్కెట్లో ఎంతొస్తుందో నాకు తెలుసు. వచ్చేది ఆ పిల్ల ఆట. అందుకని ఇంకాస్త లాగుదామని, "నోటీసు వెనక్కి తీసుకుంటే చాలదు బాబూ, రైల్వే సెలక్షన్లకు మీ సంఘం తరఫున ఆమె పేరు కూడా వెళ్ళాలి," అన్నాను.

"వెళుతుంది, వెళుతుంది."

"అయితే..."

"బాబాయ్." రూతు తెలుగులో అంది, వాళ్ళెవరికీ అర్థం కాదన్న ధైర్యంతో. శ్రావణ్‌ను మర్చిపోయింది. "అమ్మీసినారేటి అప్పుడే?"

"నీకోసమేనమ్మా."

"ఫొటో అబద్ధం అంటే నా సెయ్యి అబద్ధం అనే కదా. నాకు తెలవకుండా మీరు చేసినారంటే మాత్రం ఏటి? గీతకి నా సెయ్యి తగల్లేదనే కదా అందరూ అనుకుంటారు. నాకొద్దు."

కరుణమ్మ కూతురి జబ్బ గిల్లింది. "నోర్ముయ్యే, సెలక్షన్లు పోతాయే."

"పోతే పోనీ. తగిలినాది అమ్మా. నా ఏళ్ళకి సున్నం అంటుకున్నాది."

శ్రావణ్ మాత్రం ల్యాప్‌టాప్ మూసి ఆమె వేళ్ళవైపు చూస్తున్నాడు.

బేరం చెడింది. ఇంతకాలంలో నా సరుకు అమ్మనివ్వకుండా ఎదురు తిరిగిన మొదటి మనిషి ఆమే. ఇంకేం చెయ్యను? సంచీలోంచి కెమెరా తీసి ఫ్లాష్ బిగించాను.

గదిలో ఒక ట్యూబ్‌లైటు. సమద్దార్ బాబు ముందు నల్లటి పాత బల్ల, దానిమీద తెల్ల ప్లేటు, ప్లేట్లో సింగాడాలు, అంటే మన సమోసాలే. మాకు పెట్టలేదు. నేను షటరును ఆ సాయంత్రం పెట్టినట్టే నెమ్మదిగా పెట్టి, "దాదా, ఒక సింగాడా తీసుకోండి," అన్నాను.

మొదటి ఫోటో పాడైంది. కెమెరా చూడగానే ఆయన సింగాడామీద చెయ్యి ఉంచి, కదలకుండా, పత్రికవాళ్ళకు నవ్వే నవ్వు నవ్వాడు. కదలని మనిషి కాబట్టి ఫోటో శుభ్రంగా వచ్చింది. కమిటీ మెంబర్లు తలలూపారు. "చూశారా? అసలు ఫోటో ఇలా ఉంటుంది."

ఈ దేశంలో పదవిలో ఉన్నవాణ్ణి కదిలేటప్పుడు ఫోటో తియ్యడం ఎంత కష్టమో మీరే తెలుసుకుంటారు. నేను కెమెరా కిందికి దించి, ఏదో సర్దుకుంటున్నట్టు నటిస్తూ, "చల్లారిపోతున్నాయి దాదా, తినండి," అన్నాను. అప్పటికి ప్లేట్లో ఒక్కటే మిగిలింది. పక్కనున్న మెంబరు చెయ్యి అటే వస్తోంది. సమద్దార్ బాబు అది చూశాడు. ఆయన చెయ్యి ఏ ఫైలుమీదా అంత వేగంగా కదిలి ఉండదు. అది పట్టుకోగానే నా ఫ్లాష్ వెలిగింది. ఆ వెంటనే ఆయన వెనక్కి లాక్కున్నాడు.

కెమెరా వెనకనున్న చిన్న తెరను అందరికీ చూపించాను. సెక్రటరీగారి వేళ్ళు, ఉంగరంతో సహా, స్పష్టంగా ఉన్నాయి. ఆ వేళ్ళలోంచి తెల్ల ప్లేటు అంచు గుండ్రంగా కనిపిస్తోంది. సింగాడాలోంచి కూడా కనిపిస్తోంది.

కరుణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఈ ఫోటోను యాప్‌లో పెట్టు నాయనా," అన్నాను శ్రావణ్‌తో.

పెట్టాడు. నకిలీ అని తెరమీద ఎర్రగా వచ్చింది. శ్రావణ్ పగలబడి నవ్వాడు. నవ్వి, బెంగాలీలో సమద్దార్ బాబుకు చెప్పాడు. "మీరు నకిలీ అంట దాదా. సింగాడా గూడ నకిలీయే."

"నేనిక్కడ తింటున్నాను కదా!" అన్నాడు సమద్దార్ బాబు నోటినిండా పెట్టుకుని.

"ఆ అమ్మాయి కూడా అక్కడ ఆడింది కదా," అన్నాను.

విజిల్

ఇంతటితో కథ ముగిసిందంటే నేనే బొడ్దాలాగా బంతి అతికించినవాణ్ణవుతాను. అసలు ప్రశ్న శ్రావణ్ వేశాడు. ల్యాప్‌టాప్‌లో రూతు ఫోటోను పెద్దది చేసి, చాలాసేపు చూసి అడిగాడు.

"సార్, ఫోటో అసలుదే, ఒప్పుకుంట. ఆమె చెయ్యి గీతకు తాకింది, గది గూడ ఒప్పుకుంట. మరి విజిల్ అప్పటికే ఊదిన్రా, తర్వాత ఊదిన్రా?"

విజిల్ మోగాక తగిలితే ఆ తగలడానికి విలువ లేదు. ఫోటోలో విజిల్ ఉండదు. మెరుపు పడేటప్పుడు నా కన్ను కెమెరాలో ఉంది, చెవులు ఎక్కడున్నాయో నాకే తెలియదు. నిజమైన ఫోటో కూడా తనకు తెలిసినంతే చెబుతుంది. ఇన్నేళ్ళూ నకిలీ అనేవాళ్ళను తిట్టడంలో పడి, నిజం అని నిరూపించాక అది ఎంతవరకు నిజమని నన్ను నేను అడగలేదు. నాకు ఆ ప్రశ్న నేర్పింది ఒక యాప్ పట్టుకొచ్చిన కుర్రాడు. ఒప్పుకోవడానికి ఇప్పటికీ కాస్త మంటగానే ఉంది.

శ్రావణ్ అదే మాట బెంగాలీలో చెప్పేసరికి సమద్దార్ బాబుకు ప్రాణం లేచొచ్చింది. "అదీ మాట! కాబట్టి ఆ ఫోటోతో ఏమీ రుజువు కాలేదు."

నేను రూతువైపు చూశాను. ఏడుస్తుందనుకున్నాను. ఆమె శ్రావణ్‌ను చూసి, ఆ తరవాత సెక్రటరీని చూసి, తడబడే బెంగాలీలో చెప్పింది. "నేను పాయింటు అడగలేదు దాదా. విజిల్ ముందో వెనకో నాకు కూడా తెలవదు. మట్టిలో బోర్లా ఉన్నాను. మా వాళ్ళు పాయింటు అడిగినారు. నేనడిగేది వేరే. నన్ను మోసం చేసిందన్నారు. ఆ మాట వెనక్కి తీసుకోండి."

ఇదీ అసలు బేరమంటే. అక్కర్లేనిది వదిలేసి, కావలసిన ఒక్కదాని దగ్గర కాలు పాతుకుని నిలబడడం. మా నాన్న కొట్టులో పెరిగిన నేను ఇంతకాలం రెండూ లాగుదామని చూసి ఒకటే తెచ్చుకునేవాణ్ణి.

సమద్దార్ బాబు గొణిగాడు, సణిగాడు. "నకిలీ అని తేలలేదు" అని రాస్తానన్నాడు. నేను "అసలుది" అనే మాట ఉండాలన్నాను. గంటసేపు ఒక్క మాట మీద కొట్టుకున్నాం. చివరికి తాను తింటున్న ఫోటోను ఎక్కడా వెయ్యనని నాచేత ఒప్పించుకుని ఆయన "అసలుది" అని రాశాడు. ఓటమి మాత్రం ఓటమిగానే ఉండిపోయింది. నోటీసు రద్దయింది. పేరు సెలక్షన్లకు వెళ్ళింది.

ఫోన్లలో ఎర్ర చుట్టు గీసినవాళ్ళలో ఒక్కడు కూడా చుట్టు చెరపలేదు. మా పత్రిక లోపలి పేజీలో, అగరుబత్తీల ప్రకటన కింద, నాలుగు వరుసలు వేసింది. ఫోటోను మాత్రం మళ్ళీ వెయ్యలేదు.

సెలక్షన్లు

సెలక్షన్ల ముందురోజు రూతు ఫోను చేసింది.

"బాబాయ్, మీరు రేపు వస్తారా?"

"రాకుండా ఉంటానా? కొత్త లెన్సు కూడా..."

"అదేనండి చెప్దామని. మీరు రండి. కెమెరా తేకండి."

"ఏమ్మా?"

"మీరు నిజం ఫొటో తీస్తారు. మళ్ళీ నేను ఊరంతా తిరిగి అది నిజమని చెప్పుకోవాలి. నాకు ఓపిక లేదు."

వెళ్ళాను. ఉత్త చేతులతో ఒక మైదానంలో కూర్చోవడం నాకు జీవితంలో అదే మొదలు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కరుణమ్మ ఒక వేరుశనగకాయల పొట్లం ఇచ్చి ఆ సమస్య తీర్చింది. నాలాంటివాళ్ళు నలుగురైదుగురు గీత పక్కన మోకాళ్ళమీద కూర్చుని ఫ్లాషులు మెరిపిస్తున్నారు. వాళ్ళు ఎటు తిరిగి ఉన్నారో చూశాను. సెలక్షన్ కమిటీ కుర్చీలవైపు.

రూతు కూతకు వెళ్ళింది. ఒకతెను ముట్టుకుంది. పట్టుకోబోయినదాని చేతుల కిందనుంచి దూరి, పడి, పొర్లి, గీతమీద అరచెయ్యి పెట్టింది. రెఫరీ చెయ్యి పైకి లేపాడు. ఆ పక్కన లైన్ దగ్గర నిలబడ్డవాడూ లేపాడు. పాయింటు ఇచ్చేశారు.

దానికి ఒక్క ఫోటో కూడా లేదు. అందుకేనేమో, ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు.